సంతకాల నోటు

మొన్న ఒక మధ్యాహ్నం హైదరాబాదులో పాత నాణేలూ, నోట్లూ ప్రదర్శనకి పెట్టారంటే పక్క ఫ్లాటు ఆవిడకి తోడుగా వెళ్ళాను. వాళ్ళ తాతగారి కాలం నాటి వెండి రూపాయలేవో ఎవరికైనా చూపించాలని ఆవిడ వచ్చింది. నేను ఊరికే తిరుగుతూ ఒక అద్దాల బల్ల దగ్గర ఆగిపోయాను. అద్దం కింద జేబురుమాలంత పాత అమెరికా నోటు ఒకటి ఉంది. దాని మీద ఒకావిడ కూర్చుని, పక్కన నిలబడ్డ కుర్రాడికి దూరాన కనిపించే ఊరిని చేయి చాచి చూపిస్తోంది. అంచుల వెంట ఆకుల దండలు, ఒక్కో దండలో ఒక్కో పేరు. అద్దం మీద చేతులు ఆనించవద్దని కాపలా మనిషి రెండుసార్లు చెప్పాడు. పక్కావిడ వచ్చి, "ఏంటండీ అలా అయిపోయారు?" అంది. ఎండ అన్నాను. అచ్చం అలాంటి నోటునే పదమూడేళ్ళ వయసులో నేను ఈ చేతులతో పొయ్యిలో పెట్టానని ఆవిడకి ఎలా చెప్పను?

మా నాన్న నందిగామలో డ్రాయింగు మాస్టారు. కోర్టు వీధి వెనక రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. ఆ ఇంటికి దాని వాసన దానికి ఉండేది. ముందు గదిలో నాన్న రంగుల్లో కలిపే అవిసె నూనె వాసన, వెనక వంటింట్లో అమ్మ చారు పోపు, మధ్య వాకిట్లో నీళ్ళపొయ్యి పొగ. అమ్మ తెల్లవారగానే కందికంప విరిచి నీళ్ళపొయ్యి రాజేసేది. ఆ పొగ వాకిలంతా చుట్టుకుని, నాన్న ఆరేసుకున్న బొమ్మల మీదికి పోతుంటే ఆయన గదిలోంచి దగ్గేవాడు. అది అమ్మకి లెక్కలోకి వచ్చేది కాదు. మాఘ ఫాల్గుణాల్లో మిరపకాయల బళ్ళు వీధిలో పోతుంటే ఇద్దరూ కలిసి తుమ్మేవారు, అప్పుడు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవారు. వాళ్ళిద్దరూ అలా నవ్వుకున్న రోజులు ఉన్నాయని ఇప్పుడు నాకు నేనే గుర్తు చేసుకోవాలి.

ఆదివారం తలంటు అయ్యాక నాన్న చేతులు సబ్బుతో మళ్ళీ కడుక్కుని, పొడిబట్టతో వేలు వేలూ తుడుచుకునేవాడు. ఫ్యాను ఆపేసేవాడు. ఎంత ఎండాకాలమైనా సరే. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి, బీరువా అడుగున ఉన్న ఆల్బం తీసేవాడు. పురుగు పట్టకుండా దాని చుట్టూ పొగాకు కాడలు పెట్టేవాడు కాబట్టి అది తెరవగానే ఘాటుగా వాసన వచ్చేది. లోపల నల్లటి అట్టల మీద, మూలలు మాత్రమే పట్టి ఉంచేలా కాగితం మడతల్లో దోపిన నోట్లు పదకొండు. అన్నీ అమెరికావే. అన్నీ మా నాన్న పుట్టక ముందువో, పుట్టిన కొత్తల్లోవో.

అవి ఆయనకి ఎలా చేరాయంటే, ఒక్కోదానికి ఒక్కో దారి. మొదటిది మా పక్క ఊళ్ళో మిషను ఆస్పత్రి నడిపిన ముసలి దొరసాని ఇచ్చింది. ఆస్పత్రి గోడలకి నాన్న బొమ్మల పటాలు వేసి పెట్టాడు. ఆవిడ స్వదేశం వెళ్ళిపోతూ, బైబిలు పేజీల మధ్యనుంచి ఆ పెద్ద నోటు తీసి, ఇది మా తాతది, నీకైతే దీని పనితనం తెలుస్తుంది అని చేతిలో పెట్టిందట. తర్వాత విశాఖ ఓడరేవులో పనిచేసే పాత స్నేహితుడికి ఉత్తరాలు రాసి, ఓడల మీద వచ్చేవాళ్ళ దగ్గర ఒకటీ అరా సంపాదించాడు. ఆ నోట్లలో ఒకదాని ముద్ర నీలం, ఇంకోదాని ముద్ర బంగారు రంగు. నీలం ముద్ర ఉన్న నోటు పట్టుకెళ్తే ఒకప్పుడు వెండి ఇచ్చేవాళ్ళని, బంగారు రంగుదైతే బంగారమే ఇచ్చేవాళ్ళని నాన్న చెప్పేవాడు.

"ఇప్పుడిస్తారా నాన్నా?" అని అడిగాను ఒకసారి.

"ఇచ్చినా నేను మార్చనమ్మా. ఇది డబ్బు కాదు, గీత. ఈ ముసలాయన గడ్డం చూడు. ఎవడో ఒకడు ఉక్కు రేకు మీద ఒక్కో వెంట్రుకా చేత్తో చెక్కాడు. తప్పు పడితే చెరపడానికి లేదు."

వంటింట్లోంచి అమ్మ, "ఆ గీతలేవో మన నోట్ల మీద లేవా?" అనేది.

"మన నోట్లు నా దగ్గర నిలవవుగా," అనేవాడు నాన్న.

ఆ పదకొండింటిలో ఒకటి మాత్రం నాన్నది కాదు. అది జగ్గయ్యపేటలో ఉండే చిన్నతాతయ్యది, అంటే మా తాతయ్య తమ్ముడిది. ఆయన వయసులో ఉండగా పెళ్ళాన్ని తీసుకుని రంగం వెళ్ళాడు. బర్మా రంగూన్ని మా వాళ్ళు రంగం అనే అనేవారు. అక్కడ కిరాణా కొట్లో పని. యుద్ధం వచ్చి బాంబులు పడితే ఇద్దరూ అందరితో పాటు కొండలూ అడవులూ నడిచి అస్సాం చేరారు. విమానాల మైదానం పక్కన అమెరికా సిపాయిల గుడారాలుంటే, వాళ్ళ వంటశాలలో గిన్నెలు కడిగే పనికి కుదిరాడు. నడకలో పట్టుకున్న జ్వరం చిన్ననాయనమ్మని వదల్లేదు. శ్రావణ మాసంలో, ఆగకుండా వాన కురుస్తున్నప్పుడు పోయింది. ఆమెకి ఇరవై రెండేళ్ళు.

"కట్టె ఉందిరా, ఎండు కట్టె లేదు," అని చెప్పేవాడు చిన్నతాతయ్య. "పొద్దుటినించీ అంటిస్తున్నా, అంటుకోదు. ఆ పిల్లని అక్కడ వానలో పెట్టి కూర్చున్నా. సాయంత్రానికి ఆ గుడారంలో వాళ్ళు ఏడుగురొచ్చారు. ఒకడు విమానాల పెట్రోలు డబ్బా మోసుకొచ్చాడు. పోశారు. అంటుకున్నాక కూడా పోలేదు వాళ్ళు, టోపీలు తీసి వానలో నుంచున్నారు. మా వాళ్ళెవరూ లేరు, వాళ్ళే ఉన్నారు."

ఆయన అక్కణ్ణుంచి బయల్దేరే రోజున ఆ ఏడుగురూ ఒక డాలరు నోటు మీద సంతకాలు పెట్టి ఇచ్చారు. స్నేహితులైనవాళ్ళకి అలా ఇచ్చుకోవడం వాళ్ళలో అలవాటట. చిన్ననాయనమ్మకి ఫోటో లేదు. చీర ముక్క కూడా మిగల్లేదు. ఆ నోటు ఒక్కటే. చిన్నతాతయ్య మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఏటా శ్రావణంలో ఆమె తద్దినం పెట్టేటప్పుడు, ఫోటో పెట్టాల్సిన చోట పీట మీద ఆ నోటు పెట్టేవాడు. పేటలో ఇంటి కప్పు కారుతోందని, చెదలు కూడా పట్టిందని, దాన్ని తెచ్చి నాన్నకి అప్పగించాడు. "నీ దగ్గరైతే నలగదు. తద్దినానికి మాత్రం తీసుకురా," అన్నాడు. నాన్న ఏటా దాన్ని పుస్తకంలో పెట్టుకుని, పుస్తకం సంచీలో పెట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని బస్సులో పేటకి వెళ్ళేవాడు. చిల్లకల్లు దగ్గర బస్సు కుదిపినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకునేవాడు.

ఎమర్జెన్సీ వచ్చింది. మా ఇంట్లో దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, ఆ రోజుల్లో మాట్లాడకపోవడమే అలవాటు. పేటలో ఒక వ్యాపారి ఇల్లు సోదా చేశారని, విదేశీ డబ్బు దొరికితే మనిషిని తీసుకుపోయారని, ఎక్కడ పెట్టారో ఇంకా తెలియలేదని అమ్మ ఎక్కడో విని వచ్చింది. ఆ రాత్రి భోజనాల దగ్గర, "ఏవండీ, అవి ఇంట్లో ఉండటం మంచిది కాదేమో," అంది.

"పాత కాగితాలే. వీటికోసం ఎవడొస్తాడు?"

"ఆయన్ని పట్టుకున్నప్పుడు కొత్తవా పాతవా అని చూశారా?"

నాన్న లేచి చేయి కడుక్కున్నాడు. మర్నాడు నన్ను పిలిచి, ఆల్బం సంగతి బడిలో ఎవరితోనూ అనవద్దని చెప్పింది అమ్మ. అనను అన్నాను.

మాట తప్పడానికి నాకు పెద్ద కారణం కూడా లేదు. నా బెంచీలో సుశీల అని ఒక అమ్మాయి కూర్చునేది. వాళ్ళ నాన్న పోలీసు కానిస్టేబులు. ఆ అమ్మాయి తనకి కొన్న కొత్త చేతిగడియారం అందరికీ చూపిస్తూ, మా బెంచీ దగ్గరికి వచ్చేసరికి, "మీ నాన్న బొమ్మలేస్తాడుగా, నీకు గడియారం బొమ్మ వేసి కట్టమను," అంది. అందరూ నవ్వారు. నాకు మొహం మండిపోయింది. "మా ఇంట్లో అమెరికా డబ్బులున్నాయి తెలుసా?" అన్నాను. అబద్ధం అంది. మా అమ్మ మీద ఒట్టు అన్నాను. ఎన్నున్నాయి, ఎక్కడ పెట్టారు, అన్నీ చెప్పాను.

మూడు రోజుల తర్వాత ఆదివారం. మాఘమాసం చలి ఇంకా పోలేదు. చిన్నతాతయ్యకి ఒంట్లో బాగాలేదని కబురొస్తే నాన్న పొద్దున్నే పేట వెళ్ళాడు. అమ్మ నా తలంటుకి నీళ్ళపొయ్యి రాజేసింది. పాలు పోసే ఆవిడ వచ్చి చెంబు దించకుండానే, "అమ్మగారూ, జీపులో ఎవరో ఆఫీసర్లొచ్చారు. డ్రాయింగు మాస్టారి ఇల్లెక్కడని టీ కొట్టు దగ్గర అడుగుతున్నారు," అంది.

అమ్మ తలుపు గడియ పెట్టింది. నా వైపు చూసింది. నా మొహంలో ఏం కనిపించిందో గానీ, "ఎవరితో చెప్పావే?" అంది.

"సుశీలతో."

అమ్మ నన్ను కొట్టలేదు. తిట్టలేదు. బీరువా దగ్గరికి పరుగెత్తి ఆల్బం తెచ్చి వాకిట్లో పడేసింది. "తియ్యి. త్వరగా తియ్యి. నా చేతికి రావడం లేదు," అంది. మూలల మడతల్లోంచి నలగకుండా నోటు ఎలా తీయాలో నాన్న నాకు నేర్పాడు. అదే పద్ధతిలో తీశాను, ఒక్కొక్కటీ జాగ్రత్తగా, చింపకుండా. తీసి పొయ్యిలో పెట్టాను. దొరసాని ఇచ్చిన పెద్ద నోటు ముందు అంచుల్లో ముడుచుకుంది, ఆకుల దండలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. సంతకాల నోటు చేతికి వచ్చినప్పుడు ఆగాను. "అమ్మా, ఇది చిన్నతాతయ్యది," అన్నాను. వీధిలో జీపు శబ్దం వినిపిస్తోంది. అమ్మ కళ్ళు మూసుకుని, "అదీ వెయ్యి," అంది. వేశాను.

తలుపు తట్టారు. అమ్మ చెంగుతో మొహం తుడుచుకుని తీసింది. ఇద్దరు మనుషులు, వెనక జీపు డ్రైవరు. వాళ్ళలో పెద్దాయన ఎంతో మర్యాదగా, "మాస్టారు లేరా అమ్మా? వచ్చే వారం మంత్రిగారు వస్తున్నారండి. రోడ్డు పొడుగునా గోడల మీద నినాదాలు రాయించాలి. ఊళ్ళో బాగా రాసేది ఆయనేనని చెప్పారు. రంగులు మేమే ఇస్తాం," అన్నాడు. మంచినీళ్ళు అడిగి తాగారు. రేపు వస్తామని చెప్పి వెళ్ళిపోయారు.

సుశీల ఎవరికీ చెప్పలేదు. తర్వాత తెలిసింది, నేను కోతలు కోస్తున్నానని అనుకుని మర్చిపోయిందట.

నాన్న మధ్యాహ్నం బస్సుకి వచ్చాడు. అమ్మ గుమ్మంలోనే చెప్పింది. జీపు వచ్చిందని, భయపడ్డానని, కాల్చేశానని. నేను సుశీలతో అన్న మాట చెప్పలేదు. నోట్లు నా చేత తీయించిన సంగతీ చెప్పలేదు. నేను గది తలుపు పక్కన నిలబడి, ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అని చూశాను.

"బాబాయ్ నోటు కూడానా?" అన్నాడు నాన్న.

"అన్నీ."

ఆయన చెప్పులు విడవకుండానే వాకిట్లోకి వెళ్ళి పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక మూల, కందికంప బూడిద పక్కన, ఒక నోటు కాలి కూడా చెదరకుండా పడి ఉంది. మొత్తం బూడిద రంగు ఆకు. దాని మీద గీతలు మాత్రం వెండి తీగల్లా స్పష్టంగా ఉన్నాయి, ఆ ముసలాయన గడ్డం వెంట్రుకలతో సహా. నాన్న బాగా వంగి చూశాడు. ఆయన ఊపిరి తగిలి అది పొడైపోయింది. ఆ తర్వాత స్నానం చేసి, ఏమీ తినకుండా పడుకున్నాడు. మర్నాటి నుంచి నాలుగు రోజులు నిచ్చెన వేసుకుని, తక్కువ మాట్లాడి ఎక్కువ పని చెయ్యమనే నినాదాలు రోడ్డు పొడుగునా గోడల మీద రాశాడు. అక్షరాలు చాలా బాగున్నాయని మెచ్చుకున్నారట.

శ్రావణానికి ఆరు నెలలుంది. నాన్న ఏం చేస్తున్నాడో నాకు అర్థం కావడానికి కొంత కాలం పట్టింది. బడి నుంచి రాగానే కిటికీ దగ్గర కూర్చుని, సన్నటి ఉక్కు పాళీతో గీతలు గీసేవాడు. చింపేవాడు. కాగితాలకి టీ డికాక్షన్ పట్టించి ఆరబెట్టేవాడు. ఎన్ని ఆదివారాలు భూతద్దంలోంచి చూశాడో, ఆ సంతకాల నోటు ఆయన కళ్ళలో ఉండిపోయింది. చట్టం ప్రకారం ఏది నేరమో ఆయనకి తెలియక కాదు. నోట్లు దాచుకోవడం కంటే నోటు గీయడం పెద్ద నేరం. అమ్మకీ తెలుసు. కిటికీకి దుప్పటి కట్టింది, అంతే. ఆమె కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టేది, ఆయన తల ఎత్తేవాడు కాదు. చల్లారిన గ్లాసు తీసుకుపోయేది. అప్పటికే వాళ్ళ మధ్య మాటలు ఉప్పు, బియ్యం, ఫీజు వరకే మిగిలాయి.

తద్దినం రోజు ముగ్గురం పేట వెళ్ళాం. అమ్మ వంటలో దిగింది. చిన్నతాతయ్య మాఘంలో పడ్డ జబ్బు తర్వాత బాగా చిక్కిపోయాడు, తడి పంచెతో పీట ముందు కూర్చున్నాడు. నాన్న పుస్తకం తెరిచి నోటు ఇచ్చాడు. ఆయన దాన్ని వెలుతురుకి పట్టి చూడలేదు, బొటనవేలితో కూడా రుద్దలేదు. ఏటా చేసినట్టే ఏడు పేర్లూ ఒక్కొక్కటే వేలు పెట్టి పైకి చదివాడు. చివరి పేరు దగ్గర వేలు ఆగింది.

"పెట్రోలు డబ్బా తెచ్చినవాడు వీడే," అన్నాడు. "ఎడమచేతి వాటం. అక్షరాలు వెనక్కి పడుకునేవి. ఇక్కడ నిటారుగా ఉన్నాయి."

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది.

"బాగా వేసావురా," అన్నాడు చిన్నతాతయ్య. గొంతులో కోపం లేదు. "అసలుదేమైంది?"

"నేనే పోగొట్టా బాబాయ్."

"పోగొట్టేవాడివి కాదు నువ్వు."

"పోగొట్టా."

ఆయన ఆ గీసిన నోటునే పీట మీద పెట్టి, పంతులుగారిని మొదలుపెట్టమన్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ నేను ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. నాన్న తప్పు కాదు తాతయ్యా, అమ్మ తప్పు కూడా కాదు అని. నోరు పెగల్లేదు. ఆ రోజు పెగల్లేదంటే చిన్నదాన్ని అనుకోవచ్చు. తర్వాత ఎన్నో రోజులు వచ్చాయి.

చిన్నతాతయ్య మరో రెండు శ్రావణాలు బతికాడు. తాను పోయినప్పుడు ఆ నోటు తన చొక్కా జేబులో పెట్టి పంపమని ముందే చెప్పాడట, అలాగే పంపారు. అస్థికలు నాన్నే వేదాద్రిలో కృష్ణలో కలిపి వచ్చాడు. ఆ ఏడు పేర్లూ వేరే ఎక్కడా ఎవరం రాసుకోలేదు. ఇప్పుడు నాకు ఒక్కటి కూడా గుర్తు లేదు. ఎవరో పరాయి దేశపు కుర్రాళ్ళు, మా ఇంటి కోడలి కోసం వానలో నిలబడ్డవాళ్ళు. వాళ్ళలో ఎందరు ఇంటికి చేరారో, చేరినవాళ్ళు ఆ సాయంత్రాన్ని ఎవరికైనా చెప్పుకున్నారో లేదో. ఈ రోజుల్లో అలాంటి కాగితాలు ఫోనులో వెతుక్కుని తెప్పించుకుంటున్నారు, ఎవరూ తలుపులు మూసుకోవడం లేదు. మంచిదే. మా ఇంట్లో జరిగినది ఇప్పటి పిల్లలకి చెబితే, వాళ్ళొచ్చింది ఎందుకో కనుక్కుని కాల్చాల్సిందిగా అంటారు. జీపు శబ్దం వింటూ ఆ మాట ఎవరికి తోస్తుంది?

నాన్న మళ్ళీ ఏదీ సేకరించలేదు. పిల్లలకి మామిడికాయలూ, కుండలూ గీయడం నేర్పి రిటైరయ్యాడు. రిటైరైన రెండో ఏట పోయాడు. అప్పటికి నాకు పెళ్ళయి పిల్లలు. పన్నెండో రోజు కూడా అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక, అమ్మ మంచం మీద కూర్చుని ఎవరికైనా ఇవ్వడానికి ఆయన పంచెలు మడతపెడుతోంది. నేను ఎదురుగా కూర్చుని, అన్నేళ్ళుగా అడగనిది అడిగాను.

"అమ్మా, సుశీలకి చెప్పింది నేనేనని నాన్నకి ఎప్పుడైనా చెప్పావా?"

"లేదు."

"ఎందుకని? ఆయన నీతో సరిగా మాట్లాడడమే మానేశాడు కదా."

అమ్మ పంచె అంచులు సరిచూసుకుని, మడత మీద అరచేత్తో నిమిరింది.

"నోట్లు ఎలాగూ పోయాయి. నువ్వు కూడా పోతే ఆయనకి ఇంకేం మిగులుతుందే?" అంది. ఆ తర్వాత నా వైపు చూడకుండానే, "ఆ ఇంకోటి అందుకో," అంది. నేను ఆ పక్కనున్న పంచె తీసి ఆమె చేతికిచ్చాను.